రూతమ్మ ఇంటి లుంగీ

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తూ వచ్చాను. విచిత్రమేమిటంటే ఆ అబద్ధం నేను ఆడింది కాదు. నా భార్య నమ్మింది. నేను కాదనలేదు, అంతే. అంతే అని తేలిగ్గా రాసేశాను గానీ, దాని బరువెంతో మీకు చెప్పాలనే ఇవాళ కూర్చున్నాను. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు అక్కర్లేదు. ఇలాంటివి ముఖపరిచయం లేని వాళ్లతోనే చెప్పుకోగలమేమో.

నాకు వేరే ఆడమనిషితో సంబంధం ఉందని నా భార్య సుభద్ర నమ్మింది. లేదు. ఎప్పుడూ లేదు. నాకున్నది జబ్బు. మోషన్ ఆగదు. వస్తోందని తెలిసేలోపే బట్టల్లో అయిపోతుంది. ఈ రెండు మాటలు కాగితం మీద పెట్టడానికి పొద్దున్నుంచి ఎన్నిసార్లు లేచి మంచినీళ్లు తాగానో! రాసేశాక చూస్తే ఎంత చిన్న మాట. ఈ చిన్న మాట ఇంట్లో చెప్పలేక, కట్టుకున్నదాని కళ్లలో తిరుగుబోతునై బతికాను. ఇంకా నిజం చెప్పాలంటే, ఇది చెప్పడం కంటే తిరుగుబోతు అనిపించుకోవడమే నయమనుకున్నాను.

మాది గవర్నర్‌పేటలో బట్టల హోల్‌సేల్ కొట్టు. మా నాన్న పెట్టింది. ఇప్పటికీ అందులో కుర్చీలూ కౌంటర్లూ లేవు. కొట్టంతా పరుపులు పరిచి, వాటి మీద తెల్ల దుప్పట్లు వేస్తాం. కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ చెప్పులు బయట విడిచి ఆ పరుపుల మీదే బాసిపట్టు వేసుకుని కూర్చోవాలి. పెడన చీరైనా, మంగళగిరి చీరైనా తెలుపు మీద పరిస్తేనే దాని అసలు రంగు తెలుస్తుందనేవాడు మా నాన్న. ఆయన పెట్టిన నియమం ఇంకొకటి ఉంది. బోణీ బేరం మొదలయ్యాక అది తెగేదాకా యజమాని పరుపు మీద నుంచి లేవకూడదు. లేస్తే లక్ష్మి కూడా లేచిపోతుందట. నమ్మేవాణ్ణా అంటే చెప్పలేను. ఎన్నడూ లేవలేదు, అది మాత్రం చెప్పగలను.

నాకు మొదట మొలలకు, తర్వాత భగందరానికి, అదే ఫిస్టులాకు, ఆపరేషన్లు అయ్యాయి. రెండోది అయ్యాక పట్టు తప్పింది. డాక్టరు మళ్లీ వచ్చి చూపించుకోమనే చెప్పాడు, తప్పు ఆయనది కాదు. నేనే వెళ్లలేదు. వెళ్లి ఏమని చెప్పాలి? తల నెరిసిన మగవాణ్ణి, జిల్లా జిల్లాల నుంచి సరుకు కొనడానికి వచ్చే పార్టీలతో గంటల తరబడి బేరమాడి నెగ్గేవాణ్ణి, చంటిపిల్లాడిలా బట్టలు పాడుచేసుకుంటున్నానని చెప్పాలా? కొన్నాళ్లకు అదే సర్దుకుంటుందని నాకు నేనే చెప్పుకున్నాను.

సర్దుకోలేదు. ఒకరోజు ఏలూరు పార్టీతో బోణీ బేరం నడుస్తుండగా కడుపులో సుడి తిరిగింది. లేవాలి. లేస్తే బోణీ చెడుతుంది. కూర్చున్నాను. బేరం తెగింది, వాళ్లు నవ్వుతూ దండం పెట్టి వెళ్లిపోయారు. నేను మాత్రం లేవలేదు. గుమాస్తాలు భోజనాలకు వెళ్లేదాకా ఆ దుప్పటి మీదే, పక్కనున్న చీరల బేలు మూట మీద మోచెయ్యి ఆనించుకుని, ఏదో తీవ్రంగా ఆలోచిస్తున్నట్టు కూర్చున్నాను. ఎవరైనా దగ్గరికి వస్తే కసిరేవాణ్ణి. తర్వాత దుప్పటి నేనే చుట్టచుట్టి పట్టుకుపోయాను. కాఫీ ఒలికిందని చెప్పాను. మా నాన్న కూర్చున్న చోటు అది. ఆరోజు నాలో ఏదో కుంగిపోయింది, మళ్లీ లేవలేదు.

అప్పటి నుంచి నా తెలివంతా దాచుకోవడానికే ఖర్చయింది. పక్క సందులో ఒక లాడ్జి ఉంది. గదిలోనే బాత్‌రూం, కుళాయిలో ఎప్పుడూ నీళ్లు. నెలవారీగా గది మాట్లాడుకున్నాను. తెల్ల పంచెలు మానేసి నల్ల ప్యాంట్లు కుట్టించుకున్నాను. చేతిసంచిలో మారుబట్టలు. వాసన వస్తుందేమోనని సెంటు. మధ్యాహ్నం తిండి బంద్. విడిచిన బట్టలు ఎవరినీ ముట్టుకోనివ్వకుండా నేనే ఉతుక్కునేవాణ్ణి. నడుం నొప్పని చెప్పి ముందుగదిలో మంచం వేసుకున్నాను. పెళ్లిళ్లకు వెళ్లడం పోయింది, బస్సెక్కడం పోయింది, నలుగురితో కలిసి సినిమా చూడటం పోయింది. ఎవరింటికైనా తప్పక వెళ్తే, లెట్రిన్ ఎటువైపుందో చూసుకున్నాకే మనుషుల్ని పలకరించేవాణ్ణి. దేవుడి గదిలోకి అడుగుపెట్టాలంటే భయమేసి, సుభద్ర ఏ వ్రతం చేసుకున్నా పీటల మీద తన పక్కన కూర్చోకుండా ఏదో ఒక పని కల్పించుకునేవాణ్ణి. ఇదంతా జబ్బు చేసిందని చాలా ఏళ్లు అనుకున్నాను. జబ్బు చేసింది సగమే, మిగతా సగం నా సిగ్గు చేసింది.

ఇప్పుడు మీరు కాసేపు నా భార్య స్థానంలో కూర్చోండి. మొగుడు ఎన్నడూ లేనిది సెంటు కొడుతున్నాడు. లాడ్జిలో గది తీసుకున్నాడు. ఒక బట్టలతో వెళ్లి ఇంకో బట్టలతో వస్తున్నాడు. రాగానే స్నానానికి పరిగెడుతున్నాడు. పెట్టింది సరిగ్గా తినడు. పక్కలోకి రానివ్వడు. ఏ ఆడదానికైనా ఏం తోస్తుంది? ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. నా ఖర్మకు రోగానికీ రంకుకీ గుర్తులు ఒకటే అయి కూర్చున్నాయి.

ఇక రూతమ్మ గురించి చెప్పాలి. ఇక్కడికి వచ్చేసరికే చెయ్యి ఆగుతోంది.

మేముండేది భవానీపురంలో. మా ముందు వీధిలో రూతమ్మ ఉండేది. చీరలకు ఫాల్స్, పీకో కుట్టేది. మా కొట్టు పని కూడా కొంత ఆమెకే ఇచ్చేవాళ్లం. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆదివారం చర్చి, మిగతా రోజులు మిషను. నన్ను అన్నయ్యగారూ అనీ, సుభద్రను వదినగారూ అనీ పిలిచేది. పెడన నుంచి వచ్చిన సుభద్రకు ఈ ఊళ్లో స్నేహమంటూ ఉన్నది ఆమె ఒక్కతే. సాయంత్రాలు ఇద్దరూ కృష్ణ ఒడ్డుకు నడిచివెళ్లి మెట్ల మీద కూర్చునేవాళ్లు. ఏం చెప్పుకునేవాళ్లో నాకు తెలియదు గానీ, నవ్వింకా మొహం మీద ఉండగానే సుభద్ర ఇంట్లోకి వచ్చేది. ఆ నవ్వును పోగొట్టింది నేనే.

ఒక సాయంత్రం కొట్టు నుంచి స్కూటర్ మీద వస్తున్నాను. మారుబట్టలు మధ్యాహ్నమే అయిపోయాయి. రూతమ్మ ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఇక నా వశం తప్పింది. ఆమె గుమ్మంలో కూర్చుని చీర అంచు మడుస్తోంది. నా మొహం చూసింది, స్కూటర్ సీటు చూసింది. ఏమీ అడగలేదు. "లోపలికి రండన్నయ్యగారూ" అంది. నీళ్లు తోడిపెట్టింది. చనిపోయిన భర్త లుంగీ ఒకటి తలుపు సందులోంచి అందించింది. వద్దమ్మా వద్దమ్మా అంటున్నా వినకుండా నా ప్యాంటు ఉతికి, ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టడం మొదలుపెట్టింది. అది ఆరేలోపే ఆ లుంగీ కూడా పాడు చేశాను. ముక్కాలిపీట మీద కూర్చుని ఏడ్చేశాను. రూతమ్మ నావైపు తిరగలేదు. ఇస్త్రీ చేసుకుంటూనే, వాళ్లాయనకు కూడా ఆఖరి రోజుల్లో ఇలాగే ఉండేదనీ, ఆయన కూడా ఇలాగే సిగ్గుపడి చచ్చేవాడనీ చెప్పింది. "ఒళ్లు చేసినదానికి మనిషేం చేస్తాడండీ" అంది.

ఆ మాట విన్నాక నేను చేయాల్సిన పని ఏమిటి? తిన్నగా ఇంటికి వెళ్లి, అదే మాట నా భార్య ముందు అనడం. నేను చేసింది వేరు. మా ఇంట్లో చెప్పనని ఒట్టెయ్యమని రూతమ్మను బతిమాలాను. "మేం ఒట్లు పెట్టుకోకూడదండీ. మాటిస్తున్నా, చాలదా?" అంది. చాలింది. ఎంతగా చాలిందో తర్వాత తెలిసింది.

లుంగీని ఆమెకు అలా వదిలిపెట్టి రాలేక, కవర్లో చుట్టి తెచ్చుకున్నాను. మర్నాడు లాడ్జిలో శుభ్రంగా ఉతికి ఆరేసి, ఇచ్చేద్దామని స్కూటర్ డిక్కీలో పెట్టాను. ఇవ్వడానికి మొహం చెల్లక రోజులు గడిపాను. ఒక ఆదివారం సుభద్ర గొడుగు కోసం డిక్కీ తీసింది.

ఆ రాత్రి అన్నం వడ్డించి, లుంగీ తెచ్చి నా ఎదుట పెట్టింది. అప్పటి మాటలు ఒక్కటీ మర్చిపోలేదు.

"ఇది రూతమ్మ ఇంట్లోది కదండీ?"

నేను కంచంలోకి చూస్తున్నాను.

"వాళ్లాయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు, వార్డులో బట్టలు మారిపోతున్నాయని అన్నిటికీ మూలన ఇట్టా ఎర్రదారంతో శిలువ కుట్టుకుంది. సూదిలో దారం నేనే ఎక్కించిచ్చా. మీ దగ్గరికి ఎట్టా వచ్చిందండీ ఇది?"

కలిపిన అన్నాన్నే మళ్లీ కలిపాను.

"లాడ్జిలో గది తీసుకున్నారని మా అన్నయ్య చెప్తే కొట్టిపారేశా. పార్టీలు వస్తారు, వాళ్లకోసం అయ్యుంటదిలే అన్నా. ఇదేంటో మీరే చెప్పండి. మీరేం చెప్తే అదే నమ్ముతా."

మీరేం చెప్తే అదే నమ్ముతా. ఇంతకంటే ఏ భార్య ఏ మొగుడికి ఏమిస్తుంది? తలుపు బార్లా తీసి, లోపలికి రండి అని నిలబడింది. మింగలేక కక్కలేక కూర్చున్నాను. మోషన్ ఆగడంలేదే అని రెండు ముక్కలు చెబితే సరిపోయేది. నాలుక దాకా వచ్చింది. వచ్చి, వెనక్కి వెళ్లింది.

"చెప్పడానికేం లేదు" అన్నాను.

"సరేనండి" అంది సుభద్ర. మజ్జిగ పోసి వెళ్లిపోయింది.

ఇంకొక మాట ఉంది. ఇది రాయకుండా లేచిపోదామా అనుకున్నాను. లేచిపోతే ఇంతసేపు రాసిందంతా దండగ. ఆ క్షణంలో నాకు సిగ్గుతో పాటు, అడుగున ఎక్కడో, హాయిగా అనిపించింది. అసలు సంగతి బయటపడలేదన్న హాయి ఒకటి. దానికి తోడు, చెప్పడానికి అసహ్యంగా ఉంది, కాస్త గర్వం. ఈ వయసులో, ఈ ఒంటితో, నేనింకా అలాంటి వేషాలు వేయగల మగాణ్ణని నా భార్య అనుకుంటోంది కదా! ఆవిడ గుండె పగులుతుంటే నేను లోలోపల మీసం తిప్పుకున్నాను. ఎన్నో రాత్రులు దీన్నే తిప్పితిప్పి చూసుకున్నాను. భయపడ్డవాణ్ణి క్షమించవచ్చునేమో, దీన్ని ఏమని క్షమిస్తారు?

ఆ క్రిస్మస్‌కు రూతమ్మ ఎప్పటిలాగే గులాబీ పువ్వుల పిండివంట చేసి, స్టీలు డబ్బాలో తీసుకుని వచ్చింది. సుభద్ర గేటు తీయలేదు. "మీ ఇంటి నుంచి ఇంకేం వద్దు రూతమ్మా. ఇచ్చింది చాలు" అంది. రూతమ్మకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అయ్యాక సుభద్ర భుజం మీదుగా నావైపు చూసింది. నేను వరండాలో పేపరు చదువుతున్నాను. ఆమె ఒక్క మాట అంటే చాలు, తన పరువు నిలబడేది, స్నేహం నిలబడేది. అనే హక్కు ఆమెకు ఉంది. అనలేదు. "అట్టాగే వదినగారూ" అని డబ్బా పట్టుకుని వెనక్కి తిరిగింది. తేలు కుట్టిన దొంగలా నేను పేపరు వెనకే ఉండిపోయాను.

వీధిలో మాట పాకింది. నేను పాకించలేదు, ఆపనూలేదు. మా కొట్టు పని ఆమెకు వెళ్లడం ఆగిపోయింది. చర్చిలో కూడా ఆమె పక్కన కూర్చునేవాళ్లు తగ్గారని విన్నాను. ఏడాది తిరక్కుండానే ఇల్లు ఖాళీ చేసి, ఉయ్యూరులో వాళ్ల అక్క దగ్గరికి వెళ్లిపోయింది. సామాను ఆటో మా వీధి మలుపు తిరిగేటప్పుడు నేను ఊపిరి పీల్చుకున్నాను. నా రహస్యం తెలిసిన మనిషి దూరంగా పోతోందని! నా మలం నేను కడుక్కోలేనప్పుడు కడిగిన మనిషి ఆమె. దాన్ని ఆమె నెత్తినే పోసి పంపాను. ఇంతకంటే మర్యాదగా చెప్పడం నాకు రావడంలేదు.

సుభద్ర పోట్లాడలేదు. పెడన నుంచి మా బావమరిది పంచాయితీకి వస్తే, "ఇది మా ఇంటి సంగతి అన్నయ్యా, భోంచేసి వెళ్లు" అని పంపించేసింది. నాకు వేళకు అన్నీ అమర్చేది. నేను తినకపోతే, బయట తిని వచ్చాననుకుని ఊరుకునేది. ఒక్కటే మార్పు. సాయంత్రాలు నది వైపు వెళ్లడం మానేసింది. ఆ వేళకు టీవీ పెట్టుకుని, చూడకుండా కూర్చునేది.

కిందటేడు ఇక భరించలేక డాక్టరు దగ్గరికి వెళ్లాను. చిన్నవాడు. నవ్వుతాడేమోనని నేలచూపులు చూస్తూ చెప్పాను. "మీలాగా చాలామంది మగవాళ్లుంటారండీ. చెప్పుకోక ఆలస్యం చేస్తారు" అన్నాడు, జలుబు గురించి మాట్లాడినంత మామూలుగా. కండరాలు బిగించి వదిలే వ్యాయామం నేర్పాడు. కారాలు, టీలు తగ్గించమన్నాడు, మందులిచ్చాడు, బయటికి వెళ్లేటప్పుడు ప్యాడ్ పెట్టుకోవడంలో సిగ్గేమీ లేదన్నాడు. పూర్తిగా పోలేదు గానీ, ఇప్పుడు చాలా రోజులు మనిషిలా తిరుగుతున్నాను. లాడ్జి గది వదిలేశాను. ఇంత తేలికా! దీనికోసమా నేను ఇద్దరు ఆడవాళ్లను బలిపెట్టింది? అయినా ఇంట్లో చెప్పలేదు. జబ్బు తగ్గుముఖం పట్టాక చెప్పడం ఇంకా కష్టమైంది. ఇన్నాళ్లూ ఎందుకు దాచావంటే ఏం చెప్పను?

ఐదారు రోజుల కిందట సుభద్ర బీరువాలోంచి మెత్తటి నేతచీర ఒకటి తీసి నా పక్కన పెట్టింది. రూతమ్మ వాళ్ల అక్క పోయిందట. రూతమ్మకు చూపు తగ్గి మిషను మానేసిందట. ఉయ్యూరు నుంచి వచ్చిన ఎవరో చెప్పారు.

"ఒక్కతే ఉంటుందంట. మీరోసారి వెళ్లి చూసి రండి. ఈ చీర ఇవ్వండి. నేనేం అనుకోను. పెద్దవాళ్లం అయిపోయాం, ఇంకా ఏం కోపాలు" అంది.

నిజంగానే కోపం లేదు ఆ మొహంలో. ఎన్ని ఏళ్లు తనలో తాను పోరాడి అక్కడికి చేరుకుందో! నేను చేయని తప్పును క్షమించింది. చేసిన తప్పు ఏమిటో ఆమెకు తెలియనే తెలియదు. తిట్టినా, ఏడ్చినా, పుట్టింటికి పోయినా తట్టుకునేవాణ్ణేమో, ఆ మంచితనాన్ని మాత్రం తట్టుకోలేకపోయాను. అయినా నాలుగు రోజులు ఆ చీర వైపు చూస్తూ గడిపాను. నిన్న పొద్దున సుభద్ర వంటింట్లో చిక్కుళ్ల ఈనెలు తీస్తుంటే వెళ్లి ఎదురుగా కింద కూర్చుని చెప్పేశాను. బోణీ రోజు నుంచి మొదలుపెట్టి, లాడ్జి, లుంగీ, కారం తగ్గించమన్న డాక్టరు, అన్నీ. పేపరు వెనక దాక్కున్న సంగతి కూడా. మీసం తిప్పుకున్న సంగతి కూడా.

వింటూ వింటూ ఆమె చేతులు ఆగిపోయాయి.

"గేటు కాడ నిలబడ్డప్పుడు రూతమ్మకి ఇదంతా తెలుసా?"

"తెలుసు."

"మీకూ తెలుసు."

"తెలుసు."

చిక్కుళ్ల పళ్లెం పక్కకు నెట్టింది. తర్వాత లేచి పొయ్యి ఆపేసింది. ఆపి, అటు తిరిగే, "ముందే చెప్పుంటే ఇంతింత కారం పెట్టేదాన్నాండీ? గోంగూర, ఆవకాయ అని కొసరి కొసరి పెట్టి చంపా గదండీ మిమ్మల్ని" అని భోరుమంది. దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేయబోయాను. పక్కకు జరిగింది. "ముట్టుకోబాకండి నన్ను. జబ్బుకి కాదు" అంది.

ఇవాళ పొద్దున్నే లేచి, మిరపకాయ తగలకుండా బీరకాయ కూర వండి, మూత పెట్టింది. ఆ నేతచీర సంచిలో పెట్టుకుంది. ఉయ్యూరు బస్సెక్కడానికి బయల్దేరింది. నేనూ వస్తానన్నాను.

"మీరొద్దు. మీ తరఫున నేనేం చెప్పను. మీది మీరు పోయి చెప్పుకోండి తర్వాత. ముందు నేను ఆవిడ కాళ్లు పట్టుకోవాలి."

ఆ కూరతోనే అన్నం తిన్నాను. దీన్ని క్షమాపణ అనుకునేంత అమాయకుణ్ణి కాను. ఇంట్లో ఉన్న మనిషికి అన్నం పెట్టడం సుభద్రకు అలవాటు, అంతే. రూతమ్మ నన్ను గుమ్మం ఎక్కనిస్తుందో లేదో తెలియదు. నేను మాత్రం వెళ్తాను. చూపు తగ్గిన ఆ కళ్ల ముందు నిలబడి, ఆవిడ ఇచ్చిన మాటకు నేను కట్టిన వెల ఏమిటో నా నోటితో చెప్తాను.

సాయంత్రం కావస్తోంది. సుభద్ర ఫోన్ చేయలేదు. ఏ మొహంతో తిరిగి వస్తుందో, ఇవాళ అసలు వస్తుందో, నాలుగు రోజులు అక్కడే ఉండిపోతుందో తెలియదు. ఏదైనా కాదనే హక్కు నాకు లేదు. అయినా ఎన్నాళ్లకో ఊపిరి కడుపు దాకా దిగుతోంది. ఇవాళ ఆమెకు తెలిసిన మొగుడూ, ఈ ఇంట్లో కూర్చుని ఉన్న మొగుడూ ఒకడే.